రోజూ చూసే పూలను మళ్ళీ చూడటం ఎలా: పర్లాకిమిడి నుంచి ఒక మార్గదర్శి

పారిజాతం పూలు ఏరుకోవాలంటే తెల్లవారకముందే లేవాలి. చీకటి విడుతూ ఉండగా చెట్టు కింద నిలబడితే అవి రాలడం వినిపిస్తుంది. అంత చిన్న పువ్వుకు చప్పుడేమిటి అనుకోకండి. ఎండుటాకు మీద పడితే టప్‌మని తెలుస్తుంది. ఏడు దాటాక వెళ్తే నేల మీద పూలు ఉంటాయి కానీ రెక్కలు ముడుచుకోవడం మొదలై ఉంటుంది. బాగా ఎండెక్కాక వెళ్ళినవాళ్ళకు అది ఉత్త గరుకు ఆకుల చెట్టు. ఏళ్ళ తరబడి మా వీధిలో ఉండి, ఆ చెట్టు పూస్తుందన్న సంగతే తెలియనివాళ్ళు ఉన్నారు. వాళ్ళ తప్పేం లేదు. చెట్టు వేళా వాళ్ళ వేళా ఎప్పుడూ కలవలేదు.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. మహేంద్రగిరి వైపు నుంచి వచ్చే మహేంద్రతనయ మా ఊరి పక్కగా పారి, ముందుకు పోయి వంశధారలో కలుస్తుంది. ఏటికి అవతల పాతపట్నం, అంటే ఆంధ్రా. మాకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ. కొండల మీంచి దిగివచ్చేవాళ్ళ నోట సవర. ఇక్కడ పూల తోటలనో పార్కులనో ప్రత్యేకంగా వెతుక్కుంటూ వెళ్ళే పని లేదు. కానీ "ఇక్కడ చూడ్డానికేముంది, అరకు వెళ్ళాలి గానీ" అనేవాళ్ళు ఎక్కువ. వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను. నేను చెప్పేది ఒక్కటే: కొత్త పూల కోసం తిరగకండి. ఉన్న పువ్వు దగ్గరికే, దాని వేళకు, మళ్ళీ మళ్ళీ వెళ్ళండి.

మొదట ఒక్క చెట్టు

ఇంటి నుంచి యాభై అడుగుల లోపు ఉన్న ఒక్క మొక్కను ఎంచుకోండి. పెరడు ఉంటే మంచిదే, లేకపోయినా ఫర్వాలేదు. వీధి చివర కానుగ, ఆఫీసు గోడ పక్క గన్నేరు, మురిక్కాలవ అంచున జిల్లేడు, ఏదైనా సరే. ఎలాగూ రోజూ దాని పక్కనుంచి వెళ్తూ ఉండాలి. అదొక్కటే షరతు. ఒక మండలం, అంటే నలభై రోజులు, దాన్నే చూడండి. మధ్యలో మార్చకండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను మందారం చెబుతాను. దాదాపు ఏడాదంతా పూస్తుంది. పొద్దున విచ్చిన పువ్వు మర్నాటికల్లా ముడుచుకుపోతుంది కాబట్టి రోజూ కొత్త పువ్వే. జిల్లేడు కూడా మంచిది, ఎందుకో కింద చెబుతాను. నర్సరీలో నిండా పూసి ఉన్న గులాబీ కుండీ కొని తెచ్చి మొదలుపెట్టవద్దని మాత్రం నా సలహా. అది తన పని అంతా అక్కడే పూర్తి చేసి వస్తుంది. మన ఇంట్లో వారం రోజులు రాలుతుంది. దాంతో మనకు నిరాశ.

ఒకే చెట్టు అని ఇంత గట్టిగా చెప్పడానికి నాకు ఒక కారణం ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా మీదుగా వెళ్ళింది. ఆ రాత్రి మా పెరట్లో పారిజాతం మొదలుకంటా విరిగింది. సరిగ్గా అది పూసే కాలం. పొద్దున చూస్తే పడిపోయిన కొమ్మలకే పూలు విచ్చి ఉన్నాయి, వాన నీళ్ళలో తేలుతున్నాయి. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఇంటి పెంకులు సగం లేవు. అయినా అమ్మ ముందు ఆ పూలే ఏరింది. మొద్దు తవ్వి తీసేద్దామంటే వద్దంది. మరుసటి ఏడాది వానాకాలానికి మొద్దు పక్కనుంచి నాలుగు పిలకలు వచ్చాయి. పారిజాతం లేత కొమ్మ గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది. ఆ సంగతి అన్నేళ్ళుగా ఆ చెట్టు కింద తిరిగిన నాకు పిలకలు వచ్చినప్పుడే తెలిసింది. రెండేళ్ళకు మళ్ళీ పూసింది. వంద రకాల మొక్కలు చూసి ఉంటాను. నాకు బాగా తెలిసింది మాత్రం అదొక్కటే.

దాని వేళ ఏమిటో కనుక్కోండి

ప్రతి పువ్వుకూ ఒక గడియారం ఉంటుంది. ఎంచుకున్న మొక్క దగ్గరికి ఒకే రోజున నాలుగుసార్లు వెళ్ళండి: పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం, సాయంత్రం ఐదింటికి, రాత్రి తొమ్మిదింటికి. ఒక్కోసారి రెండు నిమిషాలు చాలు. సెలవు రోజున చేస్తే టెన్షన్ ఉండదు.

టేబుల్ రోజ్ అని కుండీల్లో పెంచుతామే, అది ఎండ తగిలాకే విచ్చుకుంటుంది, మధ్యాహ్నం దాటితే మూసుకుంటుంది. చంద్రకాంత సరిగ్గా దానికి ఎదురు. పగలంతా ముడుచుకుని ఉండి, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు విచ్చుతుంది. మల్లెను మొగ్గగా ఉండగానే కోస్తారు, విచ్చేది సాయంత్రం దండలోనో జడలోనో. ఆకాశమల్లి రాత్రి పూసి, తెల్లారేసరికి పొడవాటి కాడలతో నేలంతా తెల్లగా పరుచుకుంటుంది. చెరువులో తామర పొద్దుటి పువ్వు. కలువల్లో రాత్రి విచ్చి, పొద్దెక్కాక మూసుకునే రకాలు ఉన్నాయి. కలువకు చంద్రుణ్ణీ తామరకు సూర్యుణ్ణీ జోడించిన మన పాత కవులు ఊరికే ఊహించి రాయలేదు. చెరువు గట్టున కూచుని చూసే రాశారు.

వేళ తెలిసిందంటే సగం పని అయిపోయినట్టే. ఇక ఆ వేళకు వెళ్ళడమే.

దగ్గరగా చూడండి, లెక్కపెట్టండి

"చూడండి" అని ఊరికే చెబితే కన్ను జారిపోతుంది. లెక్కపెట్టమంటే నిలబడుతుంది. ఒంటిరెక్క ఎర్ర మందారం ఒకటి పట్టుకోండి. రెక్కలు ఐదు. ప్రతి రెక్కా ఒక పక్క రెక్క మీద పడి, ఇంకో పక్క రెక్క కింద దూరి ఉంటుంది. ఐదూ అలాగే, ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతున్నట్టు. మొగ్గగా ఉన్నప్పుడు అదే మెలి. సాయంత్రం ముడుచుకునేటప్పుడూ మెలి తిరుగుతుంది. మధ్యలోంచి ఒక సన్నటి గొట్టం బయటికి వస్తుంది. దాని చుట్టూ చిన్న చిన్న కాడల మీద పసుపు పుప్పొడి తిత్తులు. గొట్టం చివర ఇంకా పైకి చూడండి, ఐదు చిన్న గుండ్రటి తలలు కనిపిస్తాయి, ఎర్ర మఖమల్ గుడ్డ అతికించినట్టు. అవి ఆడ భాగం. ఇప్పుడు పువ్వు తిప్పి వెనక చూడండి. ఆకుపచ్చ గిన్నె, దాని కింద మళ్ళీ సన్నటి ఆకుల వరుస ఇంకొకటి. దేవుడికి రోజూ మందారం పెట్టేవాళ్ళలో ఎంతమంది ఈ రెండో వరుస చూసి ఉంటారు? నేనైతే నలభై దాటేదాకా చూడలేదు.

రెండోది గడ్డిచేమంతి. రోడ్డు పక్కన, పొలం గట్టు మీద, సిమెంటు పగుళ్ళలో, ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. చిన్నప్పుడు మోకాలు గీరుకుపోతే ఆకు నలిపి రసం పిండేవాళ్ళం. ఇది మన దేశం మొక్క కాదు, అమెరికా ఖండం వేడి ప్రాంతాల నుంచి వచ్చింది. చిన్న భూతద్దం ఒకటి కొనుక్కోండి. ఒక్క పువ్వు అనుకున్నది ఒక్క పువ్వు కాదని తెలుస్తుంది. మధ్యలో ఉన్న పసుపు బొట్టులో ప్రతి చుక్కా ఒక పూర్తి పువ్వు, బుల్లి బూరలాగా. అంచున మీగడ రంగు రెక్కలు నాలుగో ఐదో ఉంటాయి. ఒక్కొక్కటీ వేరే పువ్వే, చివర మూడు పళ్ళతో. మధ్యలోని బొట్టు ఒక్కసారిగా విచ్చదు, బయటి వరుస ముందు, లోపలిది తర్వాత. అంటే నాలుగు రోజులు చూస్తే నాలుగు రకాలుగా ఉంటుంది. ఆఖరున దూది తలలా అయి గాలికి పోతుంది.

జిల్లేడును పువ్వు కోసం కాకుండా దాని దగ్గరికి వచ్చేవాళ్ళ కోసం చూడండి. పెద్ద నల్ల తుమ్మెద వచ్చి పువ్వు మధ్యనున్న కిరీటం మీద వాలితే కొమ్మ మొత్తం వంగుతుంది. ఆకుల అడుగున నలుపు, పసుపు, తెలుపు చారల గొంగళిపురుగు కనిపిస్తే ముట్టుకోకండి. అది నారింజ రంగు సీతాకోకచిలుక కాబోతోంది. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. అందుకని పిల్లలతో వెళ్తే ముందే చెప్పండి, కొమ్మ విరవనివ్వకండి. పచ్చగన్నేరు కాయ అయితే ప్రాణం మీదికి తెచ్చే విషం. తెలియని పువ్వు, కాయ ఏదీ నోట పెట్టకూడదన్నది ఈ పని మొత్తంలో నేను కచ్చితంగా పాటించే నియమం.

పేరు అడగండి, ఎన్ని భాషల్లో దొరికితే అన్నిట్లో

సరిహద్దులో పుట్టడం వల్ల మనకు ఇందులో గొప్ప అదృష్టం ఉంది. మన పారిజాతం ఒడియాలో గంగశిఉళి, సింగారహార అని కూడా అంటారు. రేల పువ్వు సునారి. ఇప్ప మహులొ. నందివర్ధనం టొగొరొ. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి లాజకుళి, అందులో లాజొ అంటే సిగ్గు. బంతిని గెండు అంటారు, గెండు అంటే కూడా ఆడుకునే బంతే. రెండు భాషలవాళ్ళూ ఆ పువ్వును చూసి ఒకే మాట అనుకున్నారన్నమాట. పొగడను బఉళొ అంటారు. మామిడి పూతనూ బఉళొ అనే అంటారు, కాబట్టి అడిగేటప్పుడు ఏ బఉళో చూపించి అడగాలి.

పేరు తెలియక జరిగే పొరపాటు ఒకటి చెబుతాను. ఆఫీసుల ముందు, బడుల ముందు నిటారుగా స్తంభాల్లా పెరిగే చెట్టును అందరూ అశోకం అంటారు. అది నరమామిడి. దాని పూలు ఆకుపచ్చగా ఉండి కంటికే ఆనవు. అసలు అశోకం ఒడిశా రాష్ట్ర పుష్పం. వసంతంలో కొమ్మలకు గుత్తులు గుత్తులుగా పూస్తుంది, ముందు పసుపు నారింజ, రోజులు గడిచేకొద్దీ ఎరుపు. ఒకే గుత్తిలో రెండు రంగులూ చూడొచ్చు. నరమామిడినే అశోకం అనుకుని తృప్తిపడినవాళ్ళు అసలుదాని కోసం వెతకనే వెతకరు.

ఎలా అడగాలన్నది కూడా ముఖ్యమే. ఫోన్‌లో ఫొటో చూపించి అడిగితే పెద్దవాళ్ళు చాలాసార్లు పోల్చుకోలేరు. రాలిన పువ్వు చేతిలో పట్టుకెళ్ళండి. "ఏ ఫులొరొ నాఁ కొణొ, మౌసీ?" (ఈ పువ్వు పేరేంటి, పిన్నీ?) అని అడగండి. పేరు చెప్పాక ఆగిపోకండి, "దీన్నేం చేస్తారు?" అని రెండో ప్రశ్న వేయండి. అసలు కబుర్లు అక్కడే మొదలవుతాయి. ఒకసారి సంతలో కొండ నుంచి వచ్చిన ఒకామె ఎండిన ఇప్పపూలు పోసుకుని కూచుంది, చూడ్డానికి కిస్‌మిస్‌లా ముదురు రంగులో. కొననని తెలిసీ విసుక్కోకుండా చెప్పింది. "రాత్రి పూస్తాదమ్మా, తెల్లారి రాల్తాది. పూత కాలం వచ్చేముందే సెట్టు కింద సుబ్బరంగా తుడిసి ఉంచుతాం. లేకపోతే ఆకుల్లో ఎలా ఏరతాం?" ఆ ఏడాది నుంచి మా పారిజాతం కింద నేనూ ముందు రోజు సాయంత్రమే ఊడ్చడం మొదలుపెట్టాను.

వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు (1863–1940) మా ఊళ్ళోనే టీచరుగా పనిచేశారు. సవరలతో కూర్చుని, అడిగి అడిగి వాళ్ళ భాష నేర్చుకుని, ఆ భాషకు నిఘంటువు చేశారు. మనం చేసేది అందులో వెయ్యో వంతు కూడా కాదు. కానీ పద్ధతి అదే: తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ మాట వాళ్ళ నోట వినడం.

రాసుకోండి, కానీ "అందంగా ఉంది" అని మాత్రం రాయకండి

పాత డైరీ చాలు. తేదీ, వేళ, పువ్వు ఏం చేస్తోందో ఒక్క వాక్యం. అందం, మనోహరం, అద్భుతం లాంటి మాటలు మొదటి నలభై రోజులు పక్కన పెట్టండి. ఆ మాట రాసిన వెంటనే మనం చూడటం ఆపేస్తాం. నా పుస్తకంలోంచి కొన్ని:

"పొద్దున 5.40. పారిజాతం. నేల మీద పూలన్నీ బోర్లా పడ్డాయి, నారింజ కాడలు పైకి. పది పూలలో రెండే వెల్లకిలా."

"సాయంత్రం. మందారం దగ్గర తేనెపిట్ట. పువ్వు ముందు నుంచి రాలేదు, పక్కనుంచి అడుగున ముక్కు పెట్టింది."

"కరివేపాకు మొక్క మీద ఆకుపచ్చ పురుగు మూడో రోజూ అక్కడే. రెండు రెమ్మలు తినేసింది. తిననిచ్చాం."

నలభై రోజుల తర్వాత మొదటి పేజీ తిరగేస్తే మీ కన్ను ఎంత మారిందో మీకే కనిపిస్తుంది. కవిత్వం రాసేవాళ్ళకు, బొమ్మలు వేసేవాళ్ళకు ఈ వాక్యాలే పెట్టుబడి. పిట్ట పక్కనుంచి ముక్కు పెట్టిందన్న మాట ఊహలోంచి రాదు.

ఫోన్ గురించి రెండు మాటలు. ముందు కంటితో చూడండి, తర్వాతే ఫోన్ తీయండి. మధ్యాహ్నపు ఎండలో తీస్తే తెల్లపూలు సున్నం కొట్టినట్టు వస్తాయి. పొద్దున్నే తీయండి, లేదా మీ నీడ పువ్వు మీద పడేలా నిలబడండి. పువ్వు ఎత్తుకు మీరు వంగండి. జూమ్ చేయకుండా దగ్గరికి వెళ్ళండి. అంతే.

ఏడాది చక్రం పట్టుకోండి

ఒక మొక్క అలవాటయ్యాక కాలాన్ని చూడటం మొదలుపెట్టండి. మా వైపు చలికాలం బంతీ చేమంతులది. సంక్రాంతి అటూ ఇటూగా జీడితోటలు పూతకొస్తాయి. జీడిపూత ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం చాలా ఇష్టం. గింజంత పువ్వు, లేత రంగు మీద గులాబీ గీతలు, రోజులు గడిచేకొద్దీ పువ్వంతా ఎర్రబారుతుంది. తోటలోకి అడుగు పెడితే తియ్యటి ఘాటు వాసన. మాఘ ఫాల్గుణాల్లో మోదుగ. ఆకులన్నీ రాల్చేసి కొమ్మల నిండా నిప్పులు. దాన్ని చూడాలంటే గుణుపురం వెళ్ళే రైలెక్కి కిటికీ పక్కన కూచోండి. 1900లో నౌపడా నుంచి మా ఊరిదాకా పర్లాకిమిడి రాజావారు నడిపించిన చిన్న రైలు, తర్వాత గుణుపురం దాకా సాగిన దారి అది, ఇప్పుడు బ్రాడ్‌గేజి. ఉగాదికి వేపపూత, కానుగ కింద పేలాలు చల్లినట్టు రాలిన పూలు. ఏప్రిల్, మే నెలల్లో రేల. అన్ని చెట్లూ ఎండకు వాడిపోయి ఉంటే అది పసుపు గొలుసులు వేలాడేసుకుని నిలబడుతుంది. వానలు పడగానే కదంబం. శరత్తులో మళ్ళీ పారిజాతం.

క్యాలెండరు మీద మొదటి పువ్వు కనబడిన రోజున చిన్న చుక్క పెట్టండి. రెండో ఏడాది ఆ చుక్కతో పోల్చుకుంటే అది ముందొచ్చిందో ఆలస్యమైందో తెలుస్తుంది. మూడో ఏడాదికి మీరే ఎదురుచూస్తుంటారు.

చేతులకు పని పెట్టండి

చూసినదాన్ని చేతితో చేస్తే మర్చిపోరు. పిల్లలుంటే శంఖుపుష్పంతో మొదలుపెట్టండి. పది నీలం పూలు వేడినీళ్ళలో వేస్తే నీళ్ళు నీలంగా మారతాయి. రెండు గ్లాసుల్లో పోసి, ఒక దాంట్లో నిమ్మరసం పిండండి. చూస్తుండగానే ఊదా రంగుకు తిరుగుతుంది, పులుపు ఎక్కువైతే గులాబీకి. పారిజాతం కాడలు గిల్లి నీళ్ళలో మెల్లగా మరిగిస్తే పసుపు నారింజ రంగు దిగుతుంది. పూర్వం పట్టుకు ఈ రంగు వేసేవాళ్ళు. తెల్ల చేతిరుమాలు ఒకటి ముంచి చూడండి. రంగు ఎక్కువ రోజులు నిలవదు, మళ్ళీ ఏడాది మళ్ళీ ముంచుకోవచ్చు.

దాచుకోవాలంటే పలచటి పూలను పాత న్యూస్‌పేపరు మడతల్లో పెట్టి, పైన బరువైన పుస్తకాలు ఉంచండి. మొదటి మూడు నాలుగు రోజులు కాగితం మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. ఇప్పపువ్వులా కండ ఉన్నవి ఇలా ఎండవు. పొగడపూలకు ఈ శ్రమే లేదు. ఊరికే ఎండినా వాసన పోదు. మధ్యలో సహజంగానే రంధ్రం ఉంటుంది కాబట్టి సూది లేకుండా దారానికి గుచ్చుకోవచ్చు. బీరువాలో చీరల మధ్య ఒక దండ వేయండి.

ముగ్గు వేసేవాళ్ళు ఒక వారం పుస్తకంలోని ముగ్గులు మానేసి, ఆ రోజు చూసిన పువ్వునే వేయండి. మందారం రెక్క పక్క రెక్క కింద దూరే తీరును చుక్కల్లో పట్టుకోవడం తేలిక కాదు, మూడు రోజులు పట్టింది నాకు. మార్గశిరం గురువారాల్లో మా ఒడియా ఇరుగుపొరుగు బియ్యప్పిండి నీళ్ళలో కలిపి, వేళ్ళతో ఝోటి వేస్తారు. తామరపువ్వు, వరికంకులు, లక్ష్మి పాదాలు. మన పొడి ముగ్గుకూ వాళ్ళ తడి ముగ్గుకూ గీత తీరే వేరు. పక్కన కూర్చుని ఒకసారి నేర్చుకోండి. సవర ఇళ్ళలో ఎర్రమట్టి గోడల మీద తెల్లగా వేసే ఇడితాల్ బొమ్మల్లో చెట్లూ కోతులూ నెమళ్ళూ మనుషులూ ఒకే గోడ మీద ఉంటాయి. అవి పూజకు సంబంధించినవి, అలంకారం కోసం వేసినవి కాదు. గౌరవంగా చూసి, వేసినవాళ్ళను అడిగి తెలుసుకోండి.

ఇంట్లోకి పువ్వు తేవాలనిపిస్తే రాలినవి తెండి. వెడల్పు ఇత్తడి గిన్నెలో నీళ్ళు పోసి ఐదారు పూలు వేస్తే చాలు, గది మొత్తం వాటి వైపే చూస్తుంది. ఎదుటివాళ్ళ కొమ్మ నుంచి కోయాలంటే అడిగి కోయండి. తేనెపిట్టకూ తుమ్మెదకూ కొన్ని వదలండి.

పారిజాతం కాలం వస్తే చేయాల్సింది ఇది. ముందు రోజు సాయంత్రం చెట్టు కింద ఊడ్చి, కింద ప్లాస్టిక్ పట్టా, దాని మీద పాత నూలు చీర పరచండి. పట్టా లేకపోతే మట్టి తడి చీరకెక్కి, తెల్లారేసరికి పూలకు మరకలవుతాయి. నాలుగు మూలలా రాళ్ళు పెట్టండి. ఐదున్నరకు అలారం.

పూలన్నీ వెంటనే ఎత్తేయకండి. ముందు కాసేపు పక్కన కూర్చోండి, ఇంకా పైనుంచి పడుతూనే ఉంటాయి.